తలకు తల

“తాడు మీంచి చెయ్యి తియ్యమ్మే!”

వెంకటేశప్ప మంచం మీంచి వేసిన కేకకు గేటు స్తంభానికి కట్టేసిన పొట్టేలు కూడా నెమరు ఆపి చూసింది. తిమ్మమ్మ చెయ్యి ముడి మీదే ఆగిపోయింది. విప్పమన్నది కొడుకు, వద్దన్నది మొగుడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఆమె ముడి విప్పనూ లేదు, చెయ్యి తియ్యనూ లేదు.

“విప్పమ్మా, ఆటో నిలబడి ఉండాది,” అన్నాడు చంద్రు. ఫ్యాక్టరీ చొక్కా వేసుకుని షిఫ్టుకు తయారై ఉన్నాడు. “అత్తిముగం తోలుకొని పోయి ఈశ్వరప్ప దొడ్లోనే కట్టేసి వస్తాను. మీ పొట్టేలు మీరు తీసుకోండి, మా నాయన కాలు మాకియ్యండి అని అడుగుతాను.”

“అడుగు, అడుగు. నువ్వు పుట్టింది యాడరా? ఆ దొడ్లోనే కదా! తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టే కొడుకును కన్నానని నాలుగూళ్ళూ చెప్పుకోనీ.”

“నేను వాళ్ళ దొడ్లో పుట్టినానని నువ్వు బతికినన్నాళ్ళూ కుంటాల్నా నాయనా?”

“కుంటుతాను. నా కాలు, నా ఇష్టం.”

ఆటోవాడు రెండుసార్లు హారన్ కొట్టాడు. ఎవరూ రాకపోయేసరికి ఏదో గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. పొట్టేలు మళ్ళీ నెమరు వేయడం మొదలుపెట్టింది. ఈ ఇంట్లో దానికొక్కదానికే మనశ్శాంతి ఉంది.

నిజానికి మత్తిగిరిలో, రెండు గదుల అద్దె ఇంటి ముందు, బైకుల పక్కన పొట్టేలు ఉండవలసిన పని లేదు. వచ్చిన కొత్తలోనే అది ఇంటి ఓనరు స్కూటరు మెరుపులో తన మొహం చూసుకుని, ఎవడో పోటీకొచ్చాడనుకుని కుమ్మింది. అయినా వెంకటేశప్ప పట్టు వదలలేదు. ఆసుపత్రి నుంచి తనను కొడుకు ఇంటికి తెచ్చినరోజే దీన్నీ తెప్పించుకున్నాడు. “అది నా కండ్ల ముందర ఉండాల,” అన్నాడు. ఎందుకో తిమ్మమ్మకు తెలుసు. ఇచ్చిన మాట మరిచిపోకుండా కొందరు కొంగుకు ముడి వేసుకుంటారు. ఈయన పొట్టేలినే కట్టేసుకున్నాడు.

మాట ఇచ్చింది ఈశ్వరప్ప మనవడు ముఖేశ్‌కు. అత్తిముగం మలుపులో కొత్త రోడ్డు దాటుతున్న మంద మీదికి ఆ పిల్లాడి కారు వచ్చింది. ముందు నడుస్తున్న మందపొట్టేలు అక్కడికక్కడే పోయింది. దాన్ని తప్పించబోయిన వెంకటేశప్ప కాలు రెండుచోట్ల విరిగింది. పిల్లాడు పారిపోలేదు, ఆ మాట చెప్పుకోవాలి. తనే కార్లో వేసుకుని హోసూరు ఆసుపత్రికి తెచ్చాడు. తెచ్చినవాడు గేటు దగ్గర కారాపి, చేతులు పట్టుకుని ఏడ్చాడు. “తాతా, నాకు పెండ్లి కుదిరింది. పోలీసు కేసు అయితే వాళ్ళు పిల్లనియ్యరు. కింద పడినానని చెప్పు తాతా.”

లోపల వెంకటేశప్ప డాక్టరుతో అదే చెప్పాడు. గొర్రెలు తోలుతూ గట్టు మీద జారి పడ్డానన్నాడు. వాళ్ళు అదే రాసుకున్నారు.

మర్నాడు ఈశ్వరప్ప ఇంటి నుంచి ఈ పొట్టేలు వచ్చింది. మందలవాళ్ళలో ఆ పద్ధతి ఎప్పటినుంచో ఉంది. ఒకరి వల్ల ఒకరి జీవం, గొర్రో పొట్టేలో, పోతే తలకు తల ఇస్తారు. ఇచ్చినదాన్ని పుచ్చుకుని గుంజకు కట్టుకుంటే ఆ తగువు అంతటితో తీరినట్టే. ఆ తర్వాత ఆ సంగతి నోట రాకూడదు. ఎప్పుడైనా మనసు విరిగి తాడు తెచ్చి ఇచ్చినవాళ్ళ చేతిలోనే పెడితే మాత్రం, తగువు మళ్ళీ మొదటికొచ్చినట్టు. అలా తిప్పి పంపిన పొట్టేలిని తిమ్మమ్మ తన జన్మలో చూడలేదు.

వంటింట్లోంచి కోడలు త్రివేణి వచ్చి గడపలో నిలబడింది. నవ్వుతూ మాట్లాడే పిల్ల. ఈ నడుమ నవ్వు తగ్గింది.

“మామా, ఒక్క మాట చెప్తాను, కోపం చేసుకోవద్దు. కేసు వేస్తే ఈశ్వరప్ప తాత సొమ్ము ఒక్క పైసా పోదు. ఆ కారుకు ఇన్సూరెన్సు ఉండాది. కంపెనీ ఇస్తాది. వకీలు శోభన మేడం ఎన్నిసార్లు చెప్పింది?”

“కంపెనీ ఏల ఇస్తాదమ్మా? కంపెనీ నన్ను గుద్దిందా?”

“గుద్దలేదు మామా, అయినా ఇస్తాది. దానికే కదా వాళ్ళు ఏడాదేడాదీ కడతా ఉండేది.”

“నన్ను గుద్దనోడు నాకు ఏల ఇయ్యాల? వాడి ముఖం నేను చూసినానా, నా ముఖం వాడు చూసినాడా? గుద్దినోడు తల ఇచ్చినాడు. నేను కట్టుకున్నాను. అయిపాయె.”

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. త్రివేణి అత్త వైపు చూసి లోపలికి పోయింది.

చంద్రు బైకు తాళం తీసుకున్నాడు. గేటు దాకా పోయి వెనక్కి తిరిగాడు. “రేపు పొద్దున శోభన మేడం వస్తాది. పోలీసు స్టేషన్‌కు పోవాల. నువ్వు జరిగింది జరిగినట్టు చెప్తే చాలు, ఒక్క మాట ఎక్కువ చెప్పొద్దు, తక్కువ చెప్పొద్దు. చెప్పవంటావా, నీ కాలి ఆపరేషన్ దుడ్డుకు మంద ఆదివారం పోతాది. ఊళ్ళో మంద చూస్తా ఉండే మామ ఇంక మేపలేనన్నాడు. బేరగాడు వచ్చి చూసుకొని పోయినాడు.”

వెంకటేశప్ప గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

“నాయనా, నీతోనే మాట్లాడతా ఉండాను.”

గోడ పలుకుతుందా? చంద్రు బైకు చప్పుడు సందు చివరిదాకా వినబడి ఆగిపోయింది.

* * *

మధ్యాహ్నం తిమ్మమ్మ రాగిముద్ద, ఉలవల పులుసు పెట్టింది. వెంకటేశప్ప ముద్దను కెలికి వదిలేశాడు. ఒకప్పుడు చేటంత ముద్ద తిని, ఇంకోటుందా అని అడిగిన మనిషి.

కంచం తీస్తూ ఆమె ఆ కాలిని చూసింది. మోకాలి కింద ఉబ్బి, నల్లబడి, ఎవరిదో కాలు తెచ్చి పెట్టినట్టుంది. ఎముక అతుక్కోలేదని, మళ్ళీ కోసి రాడ్డు వేయాలని, ఆ తర్వాత కూడా నెలల తరబడి కాలు కింద పెట్టకూడదని నిన్న డాక్టరు చెప్పాడు. అది విన్నప్పుడు తిమ్మమ్మకు ఏడుపు రాలేదు. మందను ఆదివారం తోలుకుపోతారని తమ్ముడు ఫోన్ చేసినప్పుడు వచ్చింది.

శోభన మొన్న వచ్చినప్పుడు చెప్పిన మాటలు ఆమె చెవిలో ఇంకా ఉన్నాయి. హోసూరు కోర్టులో వకీలు. తమిళం, తెలుగు కలిపి మాట్లాడుతుంది. చాప మీద కూర్చుని, ఇచ్చిన మజ్జిగ తాగి, ఒక్కొక్కటే అడిగింది. “మందుల చీటీలు, ఎక్స్‌రేలు అన్నీ ఒక సంచిలో పెట్టుకోమ్మా. ఎవరైనా వచ్చి ఇక్కడ వేలిముద్ర వెయ్యి అంటే వెయ్యనియ్యొద్దు. ఆ రోజు ఆయన కట్టుకున్న బట్టలున్నాయా?”

“పంచె, కంబళీ ఉండాయమ్మా. నెత్తురు పోలేదని మూడు నీళ్ళు పెట్టి ఉతికినాను. శుభ్రంగా అయినాయి,” అంది తిమ్మమ్మ. చక్కగా పనిచేశానని చెప్పుకున్నట్టే చెప్పింది.

శోభన ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. తర్వాత నవ్వింది. “పోనీలెండి. మలుపులో టీ అంగడి ఆమె చూసింది, చెప్తానంటోంది. కానీ ఆసుపత్రిలో గట్టు అని రాసి ఉంది. ఇప్పుడు కారు అంటే, ఇన్ని రోజులు ఎందుకు చెప్పలేదని కంపెనీ వకీలు అడుగుతాడు. దానికి ఆయనే జవాబు చెప్పాల. దెబ్బ తగిలిన మనిషి నోరు విప్పకపోతే ఊరంతా వచ్చి సాక్ష్యం చెప్పినా నిలవదమ్మా. కేసు ఆరు నెలల్లోపు వేయాల కూడా. రోజులు దగ్గర పడినాయి.”

ఉతికిన కంబళిని తిమ్మమ్మ ఇప్పుడు మొగుడి కాళ్ళ మీద కప్పింది. ఎన్ని నీళ్ళు పెట్టినా దానిలో గొర్రె వాసన పోలేదు. ఆ వాసన ముక్కుకు తగిలేసరికి ఆమె మనసు మత్తిగిరిలో లేకుండా పోయింది.

అత్తిముగం పొలాల్లో మంద పెట్టిన రోజులవి. కోతలు కాగానే ఈశ్వరప్ప కబురు పంపేవాడు. తడికెలు దింపి, గొర్రెలను లోపలికి తోలి, మూల మూలకు కంబళి పరుచుకుని పడుకునేవాళ్ళు. రోజుకో మడి. ఎరువు వాళ్ళకు, గింజలు వీళ్ళకు. ఈశ్వరప్ప అప్పుడు ఒంట్లో సత్తువ ఉన్నవాడు. పొద్దు గుంకగానే తనే గంప నెత్తిన పెట్టుకుని ముద్దలు తెచ్చేవాడు. పనివాళ్ళ చేత పంపొచ్చు కదా అంటే, “మీ గొర్రెల మీద కప్పుకొన్నట్టు పడే మంచు చూడాలని వస్తానమ్మా,” అనేవాడు. తీపి మాటలు చెప్పడం ఆ ఇంటివాళ్ళకు తరాల విద్య. అయినా అబద్ధం కాదు. నిజంగానే చూస్తూ కూర్చునేవాడు.

ఆ మంద పొలంలో ఉండగానే ఒక ఏడు, కాలం కాని కాలంలో వాన పట్టుకుంది. తిమ్మమ్మకు నెలలు నిండాయి. డెంకణికోట ఆసుపత్రికి పోవడానికి వాగు అడ్డం. ఈశ్వరప్ప తల్లి అంజనమ్మ గొడుగేసుకుని పొలానికొచ్చి, చెయ్యిపట్టి నడిపించుకుపోయి, ఆవుల దొడ్లో ఎండుగడ్డి పరిపించి పడుకోబెట్టింది. చంద్రు అక్కడ పుట్టాడు. వాడి మీద మొదటి నీళ్ళు పోసినవి అంజనమ్మ చేతులు. బయట వానలో మందకు కాపలా కాసింది ఈశ్వరప్ప. తనకు కొడుకు పుట్టినట్టు ఆ వానలోనే గంతులేశాడు.

ఇప్పుడా పొలాల్లో సగం ప్లాట్లయ్యాయి. రంగు రాళ్ళు పాతారు. గొర్రెలు నడిచిన బాటే నాలుగు బండ్లు పట్టే రోడ్డయింది. గొర్రెలకు ఆ సంగతి ఎవరు చెప్పాలి? అవి తమ దారిన తామే పోయాయి. కారు తన దారిన తాను వచ్చింది.

“ఏమ్మే,” అన్నాడు వెంకటేశప్ప ఉన్నట్టుండి. నిద్రపోయాడనుకుంది.

“ఏమప్పా?”

“మన చెవిచుక్క గొర్రె ఈనింటుందా?”

“ఈనింది. ఆడదే. తమ్ముడు చెప్పినాడు.”

“నాకు చెప్పలేదే?”

“చెప్తే ఏం చేస్తావని? ఆదివారం పోయే జీవానికి పేరు పెడతావా?”

ఆయన నాలుక అంగిటికి కొట్టి, మందను పిలిచే పిలుపు మెల్లగా పిలిచాడు. అట్లా పిలిస్తే గుట్ట మీంచి కూడా గొర్రెలు దిగొచ్చేవి. గేటు దగ్గర పొట్టేలు తల తిప్పి చూసింది కానీ లేవలేదు. దానికి ఆ పిలుపు తెలియదు.

తిమ్మమ్మ ఆయన తల మీద చెయ్యి వేసింది. కోపంతో వేసిందో, ప్రేమతో వేసిందో ఆమెకే తెలియదు. రెండూ ఒకే చేతిలో ఉన్నాయి.

“అప్పా, నిజం చెప్పు. నీకు మళ్ళా మంద వెనక నడవాలని లేదా?”

“లేకేం.”

“మరి రేపు స్టేషన్‌లో చెప్పు.”

“ఆ దొడ్లో నీకు పరిచిన గడ్డి గుర్తు తెచ్చుకొని నువ్వే చెప్పు, చెప్పమంటావా?”

తిమ్మమ్మ లేచి పొట్టేలికి నీళ్ళు పెట్టింది.

* * *

దీపం పెట్టే వేళకు సందులోకి కారొచ్చింది. అది వీళ్ళ గేటు ముందు ఆగితే, చెత్తబండి అయ్యుంటుందనుకుని త్రివేణి బకెట్టు పట్టుకుని బయటికి పోయింది. పోయినంత వేగంగా వెనక్కొచ్చింది.

“అత్తా! ఈశ్వరప్ప తాత!”

తెల్ల పంచె, భుజాన తువ్వాలు, చేతిలో పళ్ళెం. పళ్ళెంలో పసుపు, కుంకుమ, అక్షింతలు, తాంబూలం, పెండ్లి పత్రిక. నడుము కాస్త వంగింది కానీ ఆ నవ్వు వంగలేదు. గేటు దగ్గర పొట్టేలిని చూసి, “ఏమిరా, పట్నం చేరినావా?” అని దాని వీపు తట్టి లోపలికి వచ్చాడు.

వెంకటేశప్ప ఆయన్ను చూడగానే లేవబోయాడు. ఆ ఇంటివాళ్ళ ముందు కూర్చుని ఎరగని మనిషి. కాలు సహకరించలేదు. మంచం పట్టె మీద చెయ్యి జారి పక్కకు ఒరిగాడు. త్రివేణి పరుగెత్తి పట్టుకుంది.

“ఉండప్పా, ఉండు! నాకేం మర్యాదలు?” ఈశ్వరప్ప పళ్ళెం కింద పెట్టి వచ్చి మంచం మీదే కూర్చున్నాడు. కంబళి తొలగి కాలు బయటపడింది. ఆయన దాన్ని చూసి చూపు తిప్పుకోలేకపోయాడు.

“ఇంత దెబ్బా? నాకు ఏదో బెణుకు అన్నారే! గట్టు మీద పడినావంట కదా వెంకటేశా? ఏ గట్టు? ఎప్పుడు పడితివి?”

తిమ్మమ్మ నీళ్ళచెంబు తెస్తున్నదల్లా గడపలోనే ఆగింది.

ఈయనకు తెలియదు. ఇన్నాళ్ళూ ఆమె అనుకున్నది, ఈశ్వరప్ప అంతా తెలిసే పొట్టేలిని పంపి ఊరుకున్నాడని. అంత పెద్దమనిషి, అంజనమ్మ కడుపున పుట్టినవాడు, మనిషి కాలికి జీవం తల ఎట్లా కట్టాడా అని లోలోపల కుమిలిపోయింది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఎవరితోనూ అనలేదు. ఆయన పంపింది పొట్టేలికి పొట్టేలు. అంతే. ఈ కాలు ఆయన లెక్కలోకే రాలేదు.

“మా ముఖేశు ఆ పొద్దు ఇంటికొచ్చి చెప్పినాడు,” ఈశ్వరప్ప అంటున్నాడు. “తాతా, వెంకటేశప్ప తాత పొట్టేలు కారుకు అడ్డమొచ్చి పోయిందని. తెల్లారేసరికి తలకు తల పంపించినాను. నేనే రావాల్సింది, మోకాళ్ళ నొప్పి. ఇప్పుడు వానికే పెండ్లి. కృష్ణగిరిలో మంటపం. మన పెండ్లిలో మొదటి పత్రిక మందలోళ్ళకే ఇచ్చేది, మా అమ్మ పెట్టిన అలవాటు. అందుకే వానినే తోలుకొని రమ్మన్నాను. సిగ్గుపడి కార్లోనే కూర్చున్నాడు చూడు, పెండ్లికొడుకు.”

వెంకటేశప్ప కళ్ళు భార్య వైపు తిరిగాయి. ఆ కళ్ళు ఏం అడుగుతున్నాయో తిమ్మమ్మకు అర్థమైంది. వద్దమ్మే, పెండ్లి పళ్ళెం ముందర వద్దు, అంటున్నాయి.

ఆమె చెంబు త్రివేణి చేతికిచ్చింది. పళ్ళెంలోంచి కుంకుమ తీసి పెట్టుకుంది. అక్షింతలు తీసి పత్రిక మీద వేసింది. “మీ మనవడు చల్లగా ఉండాలయ్యా,” అంది. మనసారా అంది. తర్వాత కొంగు నడుముకు చుట్టుకుని గేటు దగ్గరికి నడిచింది.

పొద్దుట విప్పలేని ముడి ఇప్పుడు ఒక్క లాగుకు ఊడింది.

పొట్టేలు గడప దాకా బుద్ధిగా నడిచొచ్చింది. తిమ్మమ్మ తాడు కొస రెండు చేతుల్లో పట్టుకుని ఈశ్వరప్ప ముందుకు చాపింది.

“ఏమ్మే!” వెంకటేశప్ప మంచం మీద లేచి కూర్చోబోయాడు. “మాట ఇచ్చినానమ్మే!”

“ఇచ్చింది నువ్వప్పా. నేనేమీ చెప్పలేదు, చెప్పను కూడా. నువ్వు ఆసుపత్రిలో పడుంటే ఈ తాడు కట్టింది నేను. కట్టిన చెయ్యి నాది. విప్పుతా ఉండాను.” ఆమె ఈశ్వరప్ప వైపు తిరిగింది. “అయ్యా, అంజనమ్మ తల్లి నాకు పరిచిన గడ్డిని మరిచి చేసే పని కాదిది. తీసుకోండి.”

ఈశ్వరప్ప తాడు వైపు చూశాడు. మందలవాళ్ళతో పుట్టి పెరిగిన మనిషి, తాడు తిరిగొస్తే దాని అర్థం ఆయనకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఆయన మొహంలో నవ్వు మెల్లగా ఆరిపోయింది. పొట్టేలిని చూశాడు. మంచం మీది కాలిని చూశాడు. మళ్ళీ పొట్టేలిని చూశాడు.

“వెంకటేశా,” అన్నాడు. “నువ్వు పడింది యాడ?”

“గట్టు మీద...”

అంతవరకే వచ్చింది. డాక్టరుతో చెప్పాడు, వకీలుతో చెప్పాడు, మొదట్లో కన్నకొడుకుతో కూడా చెప్పాడు. ఎక్కడా తడబడలేదు. ఈ మనిషి మొహం చూస్తూ మాత్రం మిగతా మాట నోటికి రాలేదు. వెంకటేశప్ప కంబళి మొహానికి అడ్డం పెట్టుకుని పసిపిల్లాడిలా ఏడ్చాడు.

ఈశ్వరప్ప చెయ్యి చాపి తాడు అందుకున్నాడు. మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకున్నాడు. మంచం మీంచి లేవకుండానే, ఎప్పుడో వానలో మందను అదిలించిన గొంతుతో బయటికి కేకేశాడు.

“ముఖేశా! ఇంజను ఆపి లోపలికి రారా!”

ఇంజను ఆగింది. త్రివేణి చేతిలో చెంబు, తిమ్మమ్మ ఖాళీ చేతులు, అందరి చూపులూ గేటు వైపే ఉన్నాయి.

కారు తలుపు మాత్రం ఇంకా తెరుచుకోలేదు.